చింపిన అంచు, అచ్చుల కాగితం: సంక్రాంతి కార్డుల పని డైరీ

నవంబరు తొలి వారం

ఈ సంక్రాంతికి బంధువులకూ పాత సహోద్యోగులకూ పంపే శుభాకాంక్షల కార్డులన్నీ చేత్తోనే చేయాలని, అందులోనూ కత్తెరను వీలైనంత పక్కన పెట్టి, చింపిన కాగితాన్నీ అచ్చుల కాగితాన్నీ (పూలో బుటీలో అచ్చు వేసిన కాగితాన్ని) పొరలుగా అతికించి చేయాలని అనుకుని పని మొదలుపెట్టాను. నలభై దాకా కార్డులు కావాలి. వాటిలో ఎక్కువ భాగం తపాలాలో వెళ్ళవలసినవే కాబట్టి, బొమ్మ గురించి ఆలోచించడానికి ముందే కొలత తేల్చుకోవలసి వచ్చింది.

ఉత్తరానికి తపాలా శాఖ పెట్టిన తొలి తూకం మెట్టు 20 గ్రాములు. ఏ4 కాగితం దాదాపు చదరపు మీటరులో పదహారో వంతు కనుక, చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే (250 జీఎస్ఎం) ఐవరీ షీటు అనే దళసరి అట్ట నుంచి కోసిన ఏ4 ముక్క ఒక్కటే 15.6 గ్రాములు తూగుతుంది. దాన్ని మడిచి కార్డు చేసి, పైన రెండు మూడు పొరలు అతికించి, కవరులో పెడితే 20 గ్రాములు దాటిపోతుంది. అందులో సగం, అంటే 148 × 210 మిల్లీమీటర్ల ముక్క అయితే 7.8 గ్రాములే, మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది, 114 × 162 కొలత ఉన్న సీ6 కవరులో చక్కగా ఇముడుతుంది, పొరలకు కావలసినంత బరువు మిగులుతుంది. చేతికి అందగానే పెద్దగా కనిపించే కార్డు మీద నాకు మోజు లేకపోలేదు గానీ, ఈ కొలతకే స్థిరపడ్డాను.

ఐవరీ షీట్లు మా విశాఖపట్నంలోని పూర్ణా మార్కెట్ దగ్గర కొన్నాను. షీటు కొలత 22 × 28 అంగుళాలు. కోసి ఇమ్మని పక్కనే ఉన్న బైండింగు దుకాణంలో అడిగితే, ఆయన షీటును రెండు వైపులా కొద్దిగా వంచి చూసి, "మడత ఎటు పెడతారమ్మా? గ్రెయిన్ చూసుకుని కోయాలి" అన్నాడు. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జులోని పీచు ఎక్కువగా యంత్రం నడిచే దిశలోనే పడుకుంటుంది. ఆ దిశకు సమాంతరంగా మడిస్తే మడత నున్నగా కూర్చుంటుంది, అడ్డంగా మడిస్తే దళసరి అట్ట మీద పూత పగిలి మడత వెంట తెల్లటి బీటలు కనబడతాయి. ఈ షీటులో పీచు పొడవు వైపుకు ఉంది. పీచును పట్టించుకోకుండా మూడు వరసలుగా కోస్తే షీటుకు తొమ్మిది ముక్కలు వస్తాయి, కానీ అప్పుడు మడత పీచుకు అడ్డంగా పడుతుంది. పీచు ప్రకారం కోస్తే ఎనిమిదే వస్తాయి. ఎనిమిదికే కోయించాను. అంచున మిగిలిన పట్టీలు చింపడం సాధన చేయడానికి పనికివచ్చాయి.

నవంబరు రెండో వారం

చింపడం గురించి కొంత రాయాలి, ఎందుకంటే ఈ ప్రాజెక్టులో అసలు పనితనమంతా అక్కడే ఉంది.

దినపత్రికను పైనుంచి కిందికి చింపితే తిన్నగా వస్తుందనీ, అడ్డంగా చింపితే ఎక్కడికో పోతుందనీ ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. దానికి కారణం కూడా పైన చెప్పిన పీచు దిశే. కార్డు మీద సముద్రపు దిగంత రేఖ లాంటి నిలకడ గల గీత కావాలంటే పీచు వెంట చింపాలి. కొండ అంచులాగా ఎగుడుదిగుడుగా రావాలంటే పీచుకు అడ్డంగా, బొటనవేలినీ చూపుడువేలినీ చింపే చోటికి దగ్గరగా జరుపుకుంటూ, కొద్దికొద్దిగా లాగాలి. ఒక్క లాగులో చింపితే కాగితం తనకు అనువైన దారి పట్టి పోతుంది గానీ మన చేయి చెప్పిన మాట వినదు.

రెండో సంగతి తెల్ల అంచు. ఒక వైపే రంగు అచ్చయిన కాగితాన్ని చేతులతో చింపితే, రంగు పొర ఒక చోట, లోపలి తెల్ల పొర ఇంకొక చోట తెగుతాయి. అందువల్ల విడిపోయిన రెండు ముక్కల్లో ఒకదానికి రంగు పక్కన సన్నని తెల్లటి అంచు కనబడుతుంది, రెండోదానికి కనబడదు. లాగే దిశ మారిస్తే ఈ అంచు అవతలి ముక్కకు మారుతుంది. మా అన్నయ్య కూతురికి ఈ ఒక్క విషయం నేర్పడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ తర్వాత తెల్ల అంచు ఎటు కావాలంటే అటు రప్పించడం నాకన్నా దానికే బాగా అబ్బింది. రంగు గుజ్జులోనే కలిపి చేసిన కాగితాలకు ఈ తెల్ల అంచు రాదు, చింపినా అంతా ఒకే రంగు. దుకాణంలో కొనేటప్పుడు షీటు మూలను గోటితో కొద్దిగా గీరి చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది.

చేతితో చేసిన కాగితం తీరు వేరు. నూలు గుడ్డ పీలికల గుజ్జుతో, చట్రంలో నీటిని వడకట్టి తీసే ఈ కాగితంలో పీచు అన్ని వైపులకూ కలగాపులగంగా పడుతుంది కనుక, అది ఏ దిశలో చింపినా ఒకేలా మొండికేస్తుంది. దీన్ని పొడిగా చింపకూడదు. కావలసిన గీత మీద సన్నని కుంచెతో నీళ్ళు గీసి, అవి లోపలికి ఇంకే దాకా ఆగి, రెండు వైపులా పక్కలకు లాగితే పీచు సాగి సాగి విడిపోతుంది, అంచున నూగు లాంటి మెత్తదనం మిగులుతుంది. జపానులో చిగిరి-ఎ అనే చింపుడు కాగితాల చిత్రకళ ఉంది. పొడుగు పీచు గల వాషి కాగితం అంచున వచ్చే ఈ నూగుతోనే అక్కడివాళ్ళు పూరేకుల మెత్తదనాన్ని, మబ్బుల అంచుల్ని చూపిస్తారు.

పీచు దిశ తెలుసుకోవడానికి నీటి పరీక్ష కూడా ఉంది: చిన్న ముక్కకు ఒక వైపు తడి చేస్తే పీచు అడ్డంగా ఉబ్బి, ముక్క గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవు ఏ దిశలో ఉందో పీచు ఆ దిశలో ఉన్నట్టు. నాకు మాత్రం వేళ్ళతో వంచి చూడడమే నచ్చింది. తక్కువ ప్రతిఘటించే మడతే పీచు వైపు. కళ్ళు మూసుకుని చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ 1950లలో చూపు పూర్తిగా కోల్పోయిన తర్వాత రంగు కాగితాలు కత్తిరించి అతికించి ఎన్నో బొమ్మలు చేశాడని చదివినప్పుడు ఆశ్చర్యపోయాను గానీ, ఈ పని మొదలుపెట్టాక, కాగితం గురించి వేళ్ళకు తెలిసే సంగతులు ఎన్ని ఉన్నాయో కొంచెం అర్థమవుతోంది.

అల్పపీడనం పట్టిన రోజులు

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి, ముసురు పట్టింది. మా ఇంటి నుంచి బీచ్ రోడ్డు దగ్గరే కనుక మామూలు రోజుల్లోనే గాలిలో తేమ ఎక్కువ. ఈ ముసురులో బల్ల మీద పెట్టిన ఐవరీ ముక్కలు సాయంత్రానికి వంగిపోతున్నాయి. అతికించే పని ఆపేసి, కోసిన ముక్కలన్నిటినీ పొడి డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి, పైన బరువు పెట్టి ఉంచాను. అయితే ఈ తేమలో చింపడం హాయిగా ఉంది. కాగితం మెత్తబడి, అంచు మరీ పెళుసుగా కాకుండా వస్తోంది. కాబట్టి చింపే పనంతా ఈ రోజుల్లోనే చేసి, ముక్కల్ని రంగుల వారీగా పాత పుస్తకంలో పేజీల మధ్య దాచాను.

నవంబరు ఆఖరు

అచ్చుల కాగితాలు పోగుచేయడం సులువే. బహుమతులకు చుట్టే కాగితం, ఖాతా పుస్తకాల లోపలి అట్టలకు వేసే మార్బుల్ పేపరు, చీరల పెట్టెల్లో వచ్చే పల్చటి కాగితం, ఇంట్లో పేరుకుపోయిన శుభలేఖలు. వీటన్నిటిలో ఆశ పెట్టినవీ తరచుగా వాడలేకపోయినవీ శుభలేఖలే. ఇప్పటి శుభలేఖలు చాలావాటి మీద సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. చింపబోతే కాగితం తెగుతుంది గానీ ప్లాస్టిక్ సాగి వేలాడుతుంది. అలాంటివాటిని కత్తిరించి మాత్రమే వాడాలి. పాతకాలపు పసుపు కాగితం శుభలేఖలు బాగా చిరుగుతాయి. ఒకదాన్ని తీసుకోగానే మేనకోడలు, "అత్తా, వినాయకుడి బొమ్మ మీదుగా చింపకు" అంది. దేవుడి బొమ్మలున్న భాగాలన్నీ ముందే కత్తిరించి విడిగా తీసిపెట్టాము. మూలలకు రాసిన పసుపు ఉన్న ముక్కల్ని కూడా పక్కన పెట్టాను, ఎందుకంటే పసుపు రంగు వెలుతురు తగిలితే వెలిసిపోతుంది.

అసలు చిక్కు పోగుచేయడంలో లేదు. అరచేతిలో పట్టే కార్డు మీద చింపిన అంచూ, నిండా పూల అచ్చూ పక్కపక్కన పెడితే కంటికి నిలకడ ఉండదు. చింపిన అంచు సొగసు దాని చిన్న చిన్న ఒంకరల్లో ఉంది. గులాబీలో నెమళ్ళో అచ్చయిన కాగితాన్ని చింపితే ఆ ఒంకరలు పూరేకుల గీతల్లో కలిసిపోయి, ఎవరో తొందరలో పాడుచేసినట్టు కనబడుతుంది. కాబట్టి ఒక కార్డు మీద రెంటిలో ఒకటే పెద్దరికం చేయాలన్నది నా తీర్పు. అచ్చుల కాగితం వాడితే దాన్ని స్కేలుతో తిన్నగా కోసి సన్నని పట్టీగా వేయాలి, దాని పక్కన చింపిన ముక్క సాదా రంగుది ఉండాలి. చింపిన అంచులే ముఖ్యమైతే అచ్చులు అసలు వద్దు, లేదా కలంకారీ అంచుల్లో ఉండే చిన్న బుటీల లాంటి, దూరం నుంచి ఒకే రంగుగా కలిసిపోయే సన్నని అచ్చులు కావాలి. పెద్ద బొమ్మల కాగితాలన్నీ కవర్ల లోపలి అస్తరుకు మళ్ళించాను. కవరు తెరిచినప్పుడు మాత్రమే కనబడతాయి, ఎవరితోనూ పోటీ పడవు.

డిసెంబరు మొదటి వారం

అచ్చూ చిరుగూ ఒకదానితో ఒకటి కలిసిపోయే కాగితం కొనడానికి దొరకదు, చేసుకోవలసిందే. బైండింగు పనివాళ్ళు పూర్వం పుస్తకాల అట్టలకు వేసిన జిగురు కాగితం పద్ధతి గుర్తుకొచ్చింది: రంగు కలిపిన పిండి జిగురును కాగితం నిండా పూసి, ఆరకముందే దువ్వెన లాంటి పళ్ళతో గీస్తే, పళ్ళు నడిచిన చోట రంగు పల్చబడి చారలు మిగులుతాయి.

మైదా ఒక వంతు, నీళ్ళు అయిదు వంతులు. మైదాను ముందు కొద్ది చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మిగిలిన నీళ్ళు పోసి, సన్నని మంట మీద ఆపకుండా తిప్పుతూ, తెల్లదనం పోయి గాజులా మెరిసేదాకా ఉడికించాను. చల్లారాక అది గడ్డపెరుగంత చిక్కగా ఉండాలి. గట్టిపడితే జల్లెడలో రుద్ది వడకట్టాలి. ఇందులో నీలం పోస్టరు రంగూ, అందులో కొద్దిగా ఆకుపచ్చా కలిపాను. మామూలు డ్రాయింగు షీటును స్పాంజితో రెండు వైపులా సమంగా తడిపి, బల్ల మీద గాలి బుడగలు లేకుండా పరిచి, వెడల్పాటి కుంచెతో జిగురు పూశాను. షీటును ముందే తడపకపోతే జిగురులోని నీళ్ళు తాగి మధ్యలో ఉబ్బిపోతుంది, దువ్వెన ఎగిరెగిరి పడుతుంది.

దువ్వెనగా పాత ఏటీఎం కార్డు అంచున గాట్లు కోసి వాడాము. గాట్ల మధ్య దూరం ఒకేలా ఉంటే యంత్రం గీసినట్టు ఉంటుంది, అందుకని ఎడంగా, దగ్గరగా కలిపి కోశాను. ముంజేతిని కదిలిస్తూ ఎడమ నుంచి కుడికి మెల్లగా లాగితే, మణికట్టు వణుకును బట్టి అలలు వస్తాయి. నచ్చకపోతే కుంచెతో మళ్ళీ పూసి చెరిపేసి మళ్ళీ గీయవచ్చు. పిండి ఆరనంతసేపూ కాగితం అన్నిటికీ ఒప్పుకుంటుంది.

ఆరాక షీటు చాపలా చుట్టుకుంటుంది. వెనక వైపు కొద్దిగా తడి చేసి, పాత దినపత్రికల మధ్య పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచితే సాపు అవుతుంది. దీన్ని చింపినప్పుడు ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఎక్కువ తృప్తి కలిగింది. నీలం పైపొరలోనే ఉంటుంది, లోపల డ్రాయింగు షీటు తెలుపు చెక్కుచెదరకుండా ఉంటుంది. దువ్వెన చారలకు సమాంతరంగా చింపితే, అలల వరసల చివర తెల్లటి నురగ అంచు దానంతటదే వస్తుంది. అచ్చు గీతలూ చిరుగు గీతా ఒకే దిక్కుకు నడుస్తాయి కనుక, పైన రాసుకున్న తగువు ఇక్కడ లేదు.

డిసెంబరు మధ్యలో

బొమ్మలు మూడు రకాలు తేలాయి.

మొదటిది సముద్రం. జిగురు కాగితాన్ని నాలుగైదు పట్టీలుగా, తెల్ల అంచు కిందికి వచ్చేలా చింపి, కిందినుంచి పైకి ఒకదాని మీద ఒకటి వేశాను. దూరపు పట్టీలు సన్నగా, వాటి తెల్ల అంచు కనీకనబడనట్టుగా. ఒడ్డుకు వచ్చేకొద్దీ వెడల్పుగా, నురగ దట్టంగా. అన్నిటికన్నా పైన, పీచుకు అడ్డంగా చింపిన బూడిదరంగు ముక్కతో సముద్రంలోకి చొచ్చుకువచ్చే డాల్ఫిన్స్ నోస్ కొండ. దీపస్తంభాన్ని విడిగా పెట్టబోయి మానుకున్నాను; ఆ కొలతలో అది అగ్గిపుల్ల ముక్కలా మాత్రమే కనబడుతుంది, పైగా మన ఊరివాళ్ళకు ఆ కొండ వాలు చాలు.

రెండోది భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. చేతి కాగితాన్ని ఇటుక ఎరుపు, కుంకుమ ఎరుపు, గంధం రంగుల్లో తీసుకుని, తడి గీతతో చింపి, వానకు కోసుకుపోయిన గెడ్డల్లాగా నిలువుగా అమర్చాను. అక్కడి ఎర్ర ఇసుకనే కొంచెం తెచ్చి అతికించమని ఒకరు సలహా ఇచ్చారు. అది రక్షిత స్థలం, అక్కడి ఇసుక తీయకూడదు. అదీగాక కాగితం మీద ఇసుక తపాలా సంచిలో రాలిపోతుంది. తక్కువ ధర ఎర్ర కాగితాల్లో కొన్ని తడి తగలగానే రంగు విడుస్తాయి, కాబట్టి ప్రతి షీటు మూలా ముందు తెల్ల గుడ్డ మీద తడిపి రుద్ది చూసుకోవాలి.

మూడోది ముగ్గు. ధనుర్మాసం మొదలై వీధిలో ముగ్గులు కనబడుతున్నాయి. గుజ్జులోనే రంగు కలిసిన ముదురు మట్టిరంగు కాగితాన్ని నలువైపులా చింపి వాకిలి చేసి, తెల్ల జెల్ పెన్నుతో చుక్కలు పెట్టి, మెలికలు కలిపి, ఒక పక్కన సన్నని బుటీల పట్టీ వేశాను. కనుమకు వేసే రథం ముగ్గు మేనకోడలు వేసింది. ఆ కార్డుల మీద నా చేయి పడలేదు.

ధనుర్మాసం, క్రిస్మస్ ముందు రోజులు

అతికించడం గురించి. ఫెవికాల్ లాంటి తెల్లజిగురులో నీటి పాలు ఎక్కువ. పల్చని కాగితం మీద నిండా పూస్తే ముడతలు పడుతుంది. పెద్ద ముక్కలకు గ్లూ స్టిక్, చేతి కాగితానికి తెల్లజిగురును దాదాపు పొడి కుంచెతో పల్చగా వాడాను. చింపిన అంచును రెండు మూడు మిల్లీమీటర్లు అతికించకుండా వదిలితే కింద సన్నని నీడ పడి అందంగా ఉంటుంది. కానీ కార్డు బయటి అంచు దగ్గర అలా వదిలితే కవరులో పెట్టేటప్పుడు ఇరుక్కుని చిరుగుతుంది. లోపలి పొరలకు వదిలి, బయటి అంచులన్నీ గట్టిగా అంటించాను.

అతికించడానికి కూడా మైదా జిగురే వాడవచ్చు గానీ, మన తీరపు తేమలో అది బూజు పడుతుంది, కాగితం తినే పురుగుల్ని పిలుస్తుంది. పుస్తకాలు కుట్టేవాళ్ళు అందుకే అందులో మైలుతుత్తం కలిపేవారు. మైలుతుత్తం విషం, పిల్లల చేతుల్లోకి వెళ్ళే వస్తువులో దాన్ని కలపడం నాకు ఇష్టం లేదు. సముద్రం కార్డుల పైపొర ఎటూ పిండితోనే చేసింది కనుక వాటిని బాగా ఆరబెట్టి, ప్రతి కార్డునూ విడిగా బటర్ పేపరులో పెట్టి ఉంచాను.

ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు పక్కన గీటు పెట్టి మడిస్తే మడత తిన్నగా పడుతుంది. పొరలన్నీ అతికించి, బరువు కింద ఆరిన తర్వాతే మడత పెట్టాను. ముందే మడిస్తే ముందు సగం మాత్రమే జిగురు తేమను తాగి కార్డు నోరు తెరుచుకుంటుంది.

డిసెంబరు ఆఖరు

అక్షరాలు. "సంక్రాంతి శుభాకాంక్షలు" ఒకే వరసలో రాస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పులో వత్తులకూ దీర్ఘాలకూ చోటు చాలదు, రెండు వరసలు చేశాను. చేతి కాగితం మీద నేరుగా రాస్తే ఇంకు పీచు వెంట పాకుతుంది. అందువల్ల దిబ్బల కార్డులకు ఐవరీ పట్టీల మీద రాసి, ఆ పట్టీని మాత్రం తిన్నగా కోసి అతికించాను. లోపలి వైపు ఖాళీగా వదిలేశాను. అక్కడ ఎవరికి తగ్గ మాట వాళ్ళకు రాయాలి: పెద్దత్తయ్యగారికి నమస్కారాలతో, పిల్లలకు ఆశీస్సులతో.

వంటింటి తూకం మీద చూస్తే సముద్రం కార్డు కవరుతో కలిపి 16 గ్రాముల లోపే ఉంది. దిబ్బల కార్డు చేతి కాగితం మందం వల్ల 20కి బాగా దగ్గరగా వచ్చింది. వాటిలో దూరపు ఊళ్ళకు వెళ్ళవలసిన వాటికి లోపలి అడుగు పొర తీసేశాను. విజయనగరం, శ్రీకాకుళం, హైదరాబాదు కవర్ల మీద పిన్ కోడ్‌లు రాసి, జనవరి మొదటి వారంలోనే తపాలాకు ఇవ్వాలని కట్ట కట్టి పెట్టాను. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వాళ్ళకు చేతికే ఇస్తాము.

నీలం జిగురు కాగితం ఒక షీటు నిండా మిగిలింది. ఉగాదికి లేత ఆకుపచ్చతో ఇంకొకటి కలిపి, దువ్వెనకు బదులు బెండకాయ అడ్డకోత అచ్చు వేసి, తడి జిగురు మీద ఆ అచ్చు నిలుస్తుందో లేదో చూడాలి. అచ్చు నిలిస్తే చారలు ఉండవు, కనుక చింపే దిశ మళ్ళీ పీచును చూసే నిర్ణయించుకోవాలి.